నాలుగు వేళ్ళ ఎత్తు

"ఇంకొంచెం పైకి గీద్దాం" అంది కొండంత.

"మోకాలి దాకా అనే కదా రొట్టెల అత్త చెప్పింది" అంది చీమ.

"మోకాలంటే ఎవరి మోకాలు? అత్త ఎంత పొడుగో చూశావా?"

చీమ రొట్టెల కొట్టు గోడ వైపు చూసింది. తన చేతిలోని నీలం రంగు డబ్బా వైపు చూసింది. డబ్బా పట్టుకోవడం తన వంతు, కుంచె పట్టుకోవడం కొండంత వంతు. అది పొద్దున బడిలోనే తేలిపోయింది.

కొండంత కుంచె ముంచి గోడ మీద నీలం గీత లాగింది. అది మోకాలి దగ్గర పడలేదు. తొడ దగ్గర పడింది.

కొండంత అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంది. బయట ఎవరూ దాన్ని వాడరు. గోరంత విషయం ఆ పిల్ల నోట్లో పడితే కొండంతయి బయటికి వస్తుంది. పిల్లిని చూస్తే పులి అంటుంది. చినుకు పడితే తుఫాను అంటుంది. ఒకసారి నాన్నమ్మకి వరసగా తుమ్ములు వచ్చాయి. ఆ కబురు వీధి చివరికి చేరేసరికి చుట్టాలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చేశారు. నాన్నమ్మ వాళ్ళకి టీ పెట్టి పంపించింది.

ఆ దీవి బల్లపరుపుగా ఉంటుంది. కొండ కాదు కదా, గుట్ట కూడా లేదు. "కొండ లేకపోతేనేం, మనకి కొండంత ఉందిగా" అన్నాడు పడవ మేస్త్రి. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. చీమది కూడా అలా వచ్చిన పేరే, క్లాసులో అందరికన్నా పొట్టిది.

ఇంతకీ ఈ గీతలు టీచర్ చెప్పిన పని.

పోయినేడు పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం దీవి లోపలికి వచ్చేసింది. తెల్లవారకముందే వచ్చింది, వెలుతురు వచ్చేసరికి వెళ్ళిపోయింది. ఎవరింట్లో వాళ్ళు సామాన్లు మంచాల మీదికి ఎత్తుకునే హడావుడిలో ఉన్నారు. నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. తరువాత మరిచిపోయారు.

టీచర్ మరిచిపోలేదు. బడిలో నల్లబల్ల మీద భూమి బొమ్మ వేసి చెప్పింది. "ఎక్కడెక్కడో మోటారు బళ్ళు, ఫ్యాక్టరీలు వదిలే పొగ ఆకాశంలో దుప్పటిలా పేరుకుంటోంది. భూమికి ఉక్కపోస్తోంది. చలి దేశాల్లో నేల మీద ఉన్న మంచు కరిగి సముద్రంలో పడుతోంది. వేడికి సముద్రం నీళ్ళు కూడా ఉబ్బుతాయి. అందుకే మట్టం పెరుగుతోంది. మనలాంటి పల్లపు దీవులకి అది ముందు తగులుతుంది."

"మన దగ్గర ఉన్నది ఒక్క ట్రాక్టరే కదా టీచర్" అంది చీమ. "అది కూడా స్టార్ట్ అవదు."

క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వింది. ఆ తరువాత బావి సంగతి చెప్పింది.

ఆ దీవిలో తాగడానికి ఉన్నది ఒక్కటే మంచినీళ్ళ బావి. దాని రాళ్ళు ఇసుకలోకి దిగిపోయి గట్టు బాగా పొట్టిదైపోయింది. సముద్రం ఆ గట్టు దాటి లోపలికి దూకితే నీళ్ళు ఉప్పయిపోతాయి. పక్క దీవిలో పెద్ద బావికి అదే జరిగింది. వాళ్ళిప్పుడు లాంచీలో డ్రమ్ములతో నీళ్ళు తెప్పించుకుంటున్నారు. వచ్చే పున్నమికి మళ్ళీ పెద్ద పోటు. ఆలోపు గట్టు ఎత్తు పెంచాలి. అది ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. అందరూ రావాలి.

"అందరూ ఎందుకు వస్తారు?" అంది టీచర్. "పోయినేడు ఏం జరిగిందో గుర్తు చేస్తే వస్తారు. ఇంటింటికీ వెళ్ళండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. అక్కడ నీలం గీత గీయండి. ఆదివారం బడి వరండాలో మీటింగ్ పెడదాం."

పని బాగానే ఉంది. కానీ కొండంతకి మొదటి ఇంట్లోనే మనసు చివుక్కుమంది. అది తన ఇల్లే. నాన్నమ్మ కాలు చాపి చూపించింది. "చీలమండ దాకా వచ్చాయమ్మలూ. అంతే."

చీలమండ. అంత కింద గీత గీస్తే అది ఎవరి కంట పడుతుంది? కుక్క కంట పడుతుంది. కొండంతకి ఆ బావి కావాలి. నిజంగా కావాలి. లాంచీ నీళ్ళు డ్రమ్ము కంపు కొడతాయని నాన్న చెప్పాడు. నాన్న ఆ లాంచీ మీదే పని చేస్తాడు. జనం భయపడితేనే వస్తారు. చీలమండకి ఎవరు భయపడతారు?

అందుకని తన ఇంటి గీతని పిక్క దాకా తెచ్చింది. రొట్టెల అత్త గీతని తొడ దాకా ఎక్కించింది. ఇంకో రెండిళ్ళలో కూడా చెయ్యి ఆగలేదు. పడవ మేస్త్రి షెడ్డుకి వచ్చేసరికి మేస్త్రి లేడు. భోజనానికి వెళ్ళాడు.

"సాయంత్రం వచ్చి అడుగుదామే" అంది చీమ.

"ఆయన్ని అడిగితే ఏమీ రాలేదంటాడు. ఆయన సంగతి తెలియదా?"

కొండంత తన నడుం దగ్గర చెయ్యి పెట్టి కొలుచుకుంది. దానికి ఇంకాస్త పైన గీత లాగింది. చీమ డబ్బా మూత మూసేసి మొహం తిప్పుకుంది.

ఆదివారం వరండా నిండిపోయింది. టీచర్ చార్టులు కట్టింది. జనం గీతల గురించే మాట్లాడుకుంటున్నారు. కొండంత ముందు వరసలో కూర్చుని ఆ మాటలన్నీ వింటోంది. లోపల్లోపల పొంగిపోతోంది.

అప్పుడు పడవ మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే అందరూ వింటారు. ఆ దీవిలో తేలే ప్రతి పడవా ఆయన చేతి మీద తేలిందే.

"టీచరమ్మా, ఒక మాట. నా షెడ్డులో నడుం పైదాకా నీళ్ళు వచ్చాయని గీత గీశారు."

"అవునండీ. పిల్లలు అందరినీ అడిగి..."

"నన్నెవరూ అడగలేదు. పోనీండి. నా రంపాలు గోడకి మోకాలి ఎత్తున వేలాడదీసి ఉంటాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాయి. ఉప్పునీళ్ళలో మునిగిన రంపం ఎలా ఉంటుందో మీ అందరికీ తెలుసు. వెళ్ళి చూడండి. ఒక్కదానికైనా తుప్పు ఉంటే నా చెవి కోసిస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి మా కొట్టుకి కూడా తొడ దాకా గీశారు" అంది రొట్టెల అత్త నెమ్మదిగా. "నేను మోకాలనే చెప్పాను."

"అదీ సంగతి" అన్నాడు మేస్త్రి. "ఒక గీత అబద్ధమని తేలాక మిగతావి నిజమని ఎలా నమ్మమంటారు? సముద్రం వస్తుంది, పోతుంది. మా తాతల నాటి నుంచీ చూస్తున్నాం. ఈ మాత్రానికి పనులు మానుకుని రాళ్ళు మొయ్యాలా?"

కుర్చీలు జరిగాయి. చెప్పులు వెతుక్కున్నారు. చూస్తుండగానే వరండా ఖాళీ అయింది.

పోయేవాళ్ళని చూస్తూ టీచర్ ఒక్క మాటే అంది. "పిల్లల తప్పు కాదండీ. నేను సరిచూడాల్సింది. చూడలేదు."

ఆ మాటకి కొండంత చెవులు వేడెక్కాయి. లేచి చెబుదామనుకుంది. రోజూ ఆగని నోరు ఆ వేళ గొళ్ళెం పడ్డట్టు మూసుకుపోయింది.

ఇంటికి వస్తే నాన్నమ్మ చింకి చాపని కుడుతోంది.

"ఏమ్మలూ, ఎవరైనా చచ్చారా ఏంటి, అలా ఉన్నావు?"

కొండంత నవ్వలేదు. గుమ్మంలో కూర్చుంది. "నాన్నమ్మా, చీలమండ దాకా నీళ్ళంటే పెద్ద విషయమేం కాదు కదా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే అనిపించింది."

నాన్నమ్మ సూది చాపకి గుచ్చి లేచింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. బట్టల బీరువా అడుగు చూపించింది. చెక్క ఉబ్బి పెచ్చులు లేచిపోయింది. "కింది అర ఎందుకు ఖాళీగా ఉంచానో ఎప్పుడైనా అడిగావా? మీ తాత కోటు అక్కడే ఉండేది." పెరటి తలుపు తీసింది. మూల ఉన్న అరటి చెట్లు ఎండి తుక్కయి నిలబడి ఉన్నాయి. "ఆకుకూర మడి వేశాను. మొలక రాలేదు. మళ్ళీ వేశాను. రాలేదు. ఉప్పు నేలలోకి దిగి కూర్చుంది."

"చీలమండ లోతు నీళ్ళకేనా?"

"చీలమండ లోతుకే. పొగ ఎవరిదో, తడి మనది." నాన్నమ్మ మళ్ళీ వచ్చి సూది తీసుకుంది. "నీళ్ళు చీలమండ దాకా వచ్చి నా పెరడు పట్టుకుపోయాయి. దానికి నడుం దాకా రావాల్సిన పని లేకపోయింది."

కొండంత చాలాసేపు ఆ ఎండిన అరటి చెట్లనే చూసింది. తరువాత చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

బావి దగ్గర టీచర్ ఒక్కతే ఉంది. చీర కుచ్చిళ్ళు నడుముకి దోపుకుని, తట్టలో రాళ్ళు తెచ్చి గట్టు మీద పేరుస్తోంది. పేర్చిన రాయి జారి కింద పడింది. మళ్ళీ తీసి పెట్టింది.

"టీచర్, ఆ గీతలు పైకి గీసింది నేనే."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"కుంచె ఎవరి వంతో బడిలోనే తేలింది కదా."

కొండంత తల దించుకుంది. "మరి అందరి ముందు మీ తప్పని ఎందుకన్నారు?"

"సరిచూడటం నా వంతు. చూడలేదు, అందుకని నాదన్నాను. నీ వంతు ఇంకా నీ దగ్గరే ఉంది."

"కింద గీస్తే ఎవరూ రారనుకున్నాను టీచర్."

"రాకపోవచ్చు" అంది టీచర్. "అది నేనూ చెప్పలేను."

ఇంకేదైనా అంటుందేమోనని కొండంత కాసేపు నిలబడింది. టీచర్ ఇంకో రాయి ఎత్తుకుంది. అంతే.

మర్నాడు బడి వదలగానే కొండంత చీమ ఇంటి ముందు నిలబడింది. చేతిలో గరుకు కాగితం, కుంచె, డబ్బా.

"నేను రాను" అంది చీమ. "నీతో వస్తే నన్ను కూడా అబద్ధాలకోరు అంటారు."

"ఈసారి కుంచె నువ్వు పట్టుకో. నేను డబ్బా పట్టుకుంటా."

చీమ కుంచె లాక్కుంది. "గరుకు కాగితం కూడా నువ్వే రుద్దాలి."

"సరే."

ముందు పడవ షెడ్డుకే వెళ్ళారు. అక్కడికే ముందు వెళ్ళాలని కొండంత పట్టుబట్టింది.

మేస్త్రి పడవ పలకల మధ్య సందుల్లో నార కూరుతున్నాడు. తల ఎత్తలేదు. "ఏమే కొండంతా, మళ్ళీ ఏం గీయడానికి వచ్చావు? ఈసారి నెత్తి దాకానా?"

"చెరపడానికి వచ్చాను మావయ్యా. అది నేనే గీశాను. మిమ్మల్ని అడగకుండా గీశాను. తప్పు నాదే, టీచర్ది కాదు."

మేస్త్రి తల ఎత్తాడు. కొండంత గోడ దగ్గర కూర్చుని రుద్దడం మొదలుపెట్టింది. పడవలకి వేసే రంగు అది, ఒక పట్టాన వదల్లేదు. చేతులు మండాయి. గీత పోయింది కానీ లేత మచ్చ మిగిలిపోయింది.

"ఇప్పుడు అడుగుతున్నాను మావయ్యా. పోయినేడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

మేస్త్రి కాస్త తటపటాయించాడు. ఆ తరువాత మూల ఉన్న పలకల దొంతరని పక్కకి జరిపాడు. వెనక కర్ర స్తంభం మీద తెల్లగా ఉప్పు చార ఉంది. సరిగ్గా పిక్క సగం దగ్గర.

"అదిగో. అంతే."

"ఏం పోయింది?"

"ఏమీ పోలేదు" అన్నాడు మేస్త్రి. సుత్తి తీసుకున్నాడు. రెండు దెబ్బలు వేశాడు. మళ్ళీ కింద పెట్టాడు. "ఒక దుంగ పోయింది. పడవ అడుగున వెన్నెముకలా వేస్తామే, ఆ దుంగ. మా నాన్న ఏరి తెచ్చి ఆరబెట్టాడు. మంచి పడవకి వేద్దామని అట్టే పెట్టుకున్నాను. తేలుకుంటూ పోయింది. తెల్లారి చూస్తే లేదు."

చీమ ఆ చార మీద నీలం గీత గీసింది. దాని కింద చిన్న దుంగ బొమ్మ వేసింది.

మేస్త్రి వంగి చూశాడు. "ఇదేంటి, మొసలా?"

"దుంగే మావయ్యా" అంది చీమ.

"ఆ చివర కాస్త సన్నం చెయ్యి. మొసలి నోరులా ఉంది."

అలా మొదలైంది. సాయంత్రమంతా ఇంటింటికీ తిరిగారు. ప్రతి గుమ్మంలోనూ కొండంత అదే మాట చెప్పింది. "మొన్న నేను తప్పు గీశాను. ఇప్పుడు సరిగా గీస్తాం." మొదటి రెండిళ్ళలో నేల చూస్తూ చెప్పింది. తరువాత అలవాటైంది. ప్రతి ఇంట్లోనూ ఏం పోయిందో అడిగారు. రొట్టెల అత్త గోడ మీద మోకాలి దగ్గర గీత పడింది, కింద పిండి బస్తాల బొమ్మ. నాన్నమ్మ గోడ మీద చీలమండ దగ్గర గీత, కింద అరటి చెట్టు, తాత కోటు. ఒక ఇంటి ముందు కోడి. ఒక ఇంటి ముందు ఒంటి చెప్పు. దాని జత పోయిందని ఆ ఇంటాయన ఇప్పటికీ కోపంగా ఉన్నాడు.

జనం ఆగి బొమ్మలు చూశారు. కోడి బొమ్మ చూసి నవ్వారు. కానీ ఎవరూ బావి వైపు కదల్లేదు.

ఆ మర్నాడు మేస్త్రి వీధిలో నడుస్తూ గీతలన్నీ చూసుకుంటూ వచ్చాడు. రొట్టెల కొట్టు ముందు ఆగాడు. కొండంత, చీమ అక్కడే ఉన్నారు.

"నా దగ్గర పిక్క. ఇక్కడ మోకాలు. మీ నాన్నమ్మ దగ్గర చీలమండ. ఏమే, ఒక్కో ఇంట్లో ఒక్కో ఎత్తు వస్తే నీళ్ళు మెట్లెక్కి దిగాయంటావా?"

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. కొండంతకి నాలుక చివర ఒక పెద్ద మాట వచ్చింది. మింగేసింది.

"అత్త కొట్టు పల్లంలో ఉంది మావయ్యా. మా ఇల్లు కాస్త మిట్ట మీద ఉంది. అందుకే."

"మిట్టా పల్లమా? ఇక్కడ అంతా బల్లపరుపు కదా. కంటికి తేడా తెలుస్తోందా?"

తెలియడం లేదు. కొండంత గీత వైపు చూసింది. నేల వైపు చూసింది. అప్పుడు షెడ్డులో మేకుకి వేలాడే గొట్టం గుర్తొచ్చింది. పొడవాటి ప్లాస్టిక్ గొట్టం. అందులో నీళ్ళు నింపి, పడవకి రెండు వైపులా చివర్లు పట్టుకుంటారు. గొట్టంలో నీళ్ళు రెండు చివర్లలోనూ ఒకే మట్టంలో నిలబడతాయి. పడవ ఒరిగితే వెంటనే తెలిసిపోతుంది.

"మావయ్యా, మీ మట్టం గొట్టం ఇస్తారా?"

మేస్త్రి కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "ఎందుకు?"

"మీ షెడ్డు గీత దగ్గర ఒక చివర పెడదాం. ఇంకో చివర ఇక్కడికి తెద్దాం. నీళ్ళు అత్త గీత దగ్గర నిలబడితే గీత నిజం. నిలబడకపోతే నేను మళ్ళీ చెరిపేస్తాను."

మేస్త్రి గొట్టం తెచ్చాడు. తనే నీళ్ళు నింపాడు. గొట్టాన్ని వేళ్ళతో తడుతూ బుడగలన్నీ పైకి తరిమాడు. "ఒక్క బుడగ ఉన్నా గొట్టం అబద్ధం చెబుతుంది" అన్నాడు. కొండంత కూడా వంగి బుడగలు వెతికింది.

ఒక చివర చీమ షెడ్డు గీత దగ్గర పట్టుకుంది. మధ్యలో బరువుకి గొట్టం వంగకుండా వీధి పిల్లలు భుజాల మీద మోశారు. ఇంకో చివర మేస్త్రి రొట్టెల కొట్టు గోడకి ఆనించాడు. గొట్టంలో నీళ్ళు పైకీ కిందికీ ఊగాయి. ఊగి ఊగి ఆగాయి.

సరిగ్గా పిండి బస్తాల పైన ఉన్న నీలం గీత మీద ఆగాయి.

మేస్త్రి గొట్టాన్ని తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాయి. పైన తొడ దగ్గర, చెరిపిన గీత మచ్చ ఊరికే వేలాడుతోంది.

"నడవండి" అన్నాడు మేస్త్రి.

రొట్టెల కొట్టు నుంచి కోడి ఇంటికి. అక్కడి నుంచి ఒంటి చెప్పు ఇంటికి. ప్రతి గోడ దగ్గరా నీళ్ళు నీలం గీత మీదే నిలబడ్డాయి. వెనక జనం చేరారు. రొట్టెల అత్త చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది. నాన్నమ్మ ఇంటి గోడ దగ్గర చీలమండ ఎత్తులో నీళ్ళు నిలిచేసరికి, "నా కాలు అబద్ధం చెప్పదు" అంది నాన్నమ్మ, కాలు పక్కన పెట్టి చూపిస్తూ.

"ఇంకొక్కచోటికి" అంది కొండంత. "బావి దగ్గరికి."

బావి దగ్గర టీచర్ రాళ్ళు పేరుస్తూనే ఉంది. ఇంతమంది ఒక గొట్టం మోసుకుని వస్తుంటే తాపీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొండంత గొట్టం చివరని పాత గట్టుకి ఆనించి పట్టుకుంది. నీళ్ళు ఊగాయి. జనం చుట్టూ మూగారు. నీళ్ళు ఆగాయి.

మేస్త్రి వంగాడు. నీళ్ళు నిలిచినచోట చిటికెన వేలు పెట్టాడు. పాత గట్టు పైఅంచు దాకా మిగతా వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఆనించాడు. చూపుడు వేలితో గట్టు అయిపోయింది.

"నాలుగు వేళ్ళు" అన్నాడు.

పోయినేడు ఆ చీకట్లో బావి దగ్గర ఎవరూ లేరు. సముద్రం అక్కడిదాకా వచ్చి, నాలుగు వేళ్ళ దూరంలో ఆగి వెనక్కి వెళ్ళిందని ఎవరికీ తెలియదు. ఏడాదంతా తాగారు, వండుకున్నారు, పిల్లలకి స్నానాలు పోశారు. అదంతా ఆ నాలుగు వేళ్ళ పుణ్యమే.

మేస్త్రి తన చేతినే చూసుకున్నాడు. "టీచరమ్మా, ఈసారి పోటు ఎంత పెరుగుతుంది?"

"ఇంతని ఖచ్చితంగా చెప్పలేనండీ. పోయినేటి కన్నా పెరగొచ్చు. గాలి తోడైతే ఇంకా పెరుగుతుంది."

"నాలుగు వేళ్ళ కన్నా ఎక్కువా?"

"కావచ్చు."

మేస్త్రి నెమ్మదిగా లేచాడు. గొట్టం చుట్టి భుజాన వేసుకున్నాడు. జనం వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నారు? షెడ్డులో సిమెంటు ఉంది, తట్టలున్నాయి. ఆ టీచరమ్మ చేతిలోంచి తాపీ తీసుకోండి ముందు. ఆవిడ పేర్చిన రాయి ఒక్కటీ తిన్నగా లేదు."

టీచర్ నవ్వుతూ తాపీ ఇచ్చేసింది.

ఆ తరువాత చూడాలి ఆ సందడి. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి రాళ్ళు వచ్చాయి. రొట్టెల అత్త వేడి రొట్టెలు పంచింది. ఒంటి చెప్పు ఆయన ఆ ఒంటి చెప్పు వేసుకునే సిమెంటు కలిపాడు. నాన్నమ్మ నీడలో కూర్చుని, ఎవరు పని చేయడం లేదో అందరికీ వినపడేలా చెప్పింది. పున్నమికి ముందే గట్టు టీచర్ నడుం దాకా లేచింది. ఈసారి నడుమంటే నిజంగా నడుమే.

పున్నమి మర్నాడు, పొద్దున వెలుతురులోనే పోటు వచ్చింది. గాలి తోడైంది.

నీళ్ళు వీధిలోకి వచ్చాయి. పరుగెత్తుకుంటూ రాలేదు. నేలంతా తడుముకుంటూ వచ్చాయి. సామాన్లన్నీ ముందే మంచాల మీదికి, అటకల మీదికి ఎక్కి ఉన్నాయి. కోళ్ళు కప్పు మీద ఉన్నాయి. అందరూ బావి దగ్గరే చేరారు. పెద్దవాళ్ళు నీళ్ళలో నిలబడ్డారు, పిల్లలు పడవల్లో కూర్చున్నారు.

నీళ్ళు పాత గట్టు ఎక్కాయి. పోయినేటి మట్టం దాటాయి. నాలుగు వేళ్ళూ మునిగాయి. పాత రాళ్ళు కనపడకుండా పోయాయి. కొండంత చీమ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొత్త రాళ్ళ దగ్గర నీళ్ళు ఆగాయి. కాసేపు అక్కడే కొట్టుకున్నాయి. ఆ తరువాత వచ్చినంత నెమ్మదిగానే వెనక్కి జారాయి.

మేస్త్రి బావిలోకి బకెట్టు వేసి తోడాడు. చెంబు ముంచి నాన్నమ్మ చేతికిచ్చాడు. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. నాన్నమ్మ ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. తాపీగా మూతి తుడుచుకుంది.

"చప్పగా ఉన్నాయి" అంది. "ఎవరైనా కాస్త ఉప్పు వెయ్యండి."

ఆ దీవిలో అంత పెద్ద నవ్వు ఎవరూ ఎప్పుడూ వినలేదు. మేస్త్రి బకెట్టు ఎత్తి టీచర్ నెత్తిన కుమ్మరించాడు. టీచర్ ఇంకో బకెట్టు తోడి ఆయన నెత్తిన కుమ్మరించింది. మంచినీళ్ళు అలా పారబోస్తారా అని రొట్టెల అత్త కేకలేసింది. తరువాత తనూ తడిసింది.

"ఈ గట్టు సముద్రాన్ని ఆపదు" అంది టీచర్ జుట్టు పిండుకుంటూ. "ఈ ఏడు బావిని కాపాడింది. వచ్చే ఏడు మళ్ళీ కొలవాలి."

"కొలుద్దాం" అన్నాడు మేస్త్రి. "గొట్టం ఎక్కడికీ పోదు."

మధ్యాహ్నానికి లాంచీ వచ్చింది. నాన్నతో పాటు పక్క దీవి పెద్దమనిషి దిగాడు. తమ దీవిలో ఇంకో బావి మిగిలిందట. అది కూడా పోతుందేమోనని ఆయన భయం. "ఇక్కడ నడుం దాకా వచ్చాయట కదా? దార్లో ఎవరో అన్నారు."

అందరి కళ్ళూ కొండంత మీదికి తిరిగాయి. మేస్త్రి మీసం కింద నవ్వుకున్నాడు.

కొండంత బావి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. కొత్త రాళ్ళ మీద ఇంకా ఆరని తడి అంచు దగ్గర వేలు పెట్టింది. "లేదండీ" అంది. "ఇంత."

పెద్దమనిషి ఆ వేలినీ, కింద మునిగి తేలిన పాత గట్టునీ చూశాడు. మెల్లగా తల ఊపాడు. "మా ఊరికి కూడా వచ్చి గీస్తారా అమ్మా?"

మేస్త్రి గొట్టాన్ని తనే తెచ్చి లాంచీలో పెట్టాడు. "బుడగలు చూసుకోండి" అన్నాడు.

పక్క దీవిలో మొదటి ఇల్లు ఒక మామ్మది. గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది. ఆవిడ కాలు చాపి చూపించింది. "మా ఇంట్లో వేళ్ళు తడిసేంతే వచ్చాయి తల్లీ. మరీ అంత కింద గీస్తే ఎవరి కంట పడుతుంది? ఇంకొంచెం పైకి గియ్యి."

చీమ కుంచె పట్టుకుని కొండంత వైపు చూసింది.

కొండంత నేల మీద బోర్లా పడుకుంది. చెంప మట్టికి ఆనించి, గోడ అడుగున ఉప్పు చార వెతికింది. దొరికింది. దాని పక్కన వేలు పెట్టి పట్టుకుంది. చీమ సరిగ్గా అక్కడే నీలం గీత లాగింది.

కొండంత బట్టలకి అంటిన మట్టి దులుపుకోలేదు. అలాగే లేచి మామ్మ పక్కన కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి మామ్మా. ఏం పోయింది?"